మూతికి గుడ్డ కట్టిన బొమ్మ: ఒక ప్రాజెక్టు డైరీ

జనవరి 18

నాలుగు నెలల తర్వాత షెడ్డులో నా సొంత పనికి చోటు దొరికింది. నిన్న సాయంత్రమే ఒక నాయకుడి విగ్రహం లారీ ఎక్కింది. తొమ్మిదడుగుల ఫైబరు, పైన రాగి రంగు. చెయ్యెత్తి వేలు చూపించే విగ్రహాల్లో అది నాకు పదకొండోదో పన్నెండోదో, లెక్క తప్పింది. మట్టి దశలో కమిటీవాళ్ళు మూడుసార్లు వచ్చారు. మూడుసార్లూ ఒకటే మాట: "కొంచెం నవ్వు పెంచండి." పెంచా. ఈ పనికి సిమెంటూ ఇనుమూ ఆ నవ్వు డబ్బుల్లోంచే రావాలి కాబట్టి ఎక్కువ మాట్లాడను.

చేయబోయేది మిర్చికి తొడిమలు తీసే ఆడమనిషి. కూర్చున్న బొమ్మ, మనిషి సైజే, నేల నుంచి నడినెత్తి దాకా 33 అంగుళాలు. గుంటూరు వాళ్ళకి ఈ దృశ్యం కొత్తేం కాదు. కోల్డు స్టోరేజీల దగ్గరా గోడౌన్లలోనూ వరసగా కూర్చుంటారు, ముందు ఎర్రటి గుట్ట, పక్కన తాలు కాయలకు వేరే కుప్ప. ఘాటుకి తట్టుకోవడానికి తలకీ ముక్కుకీ మూతికీ కలిపి గుడ్డ. కళ్ళు తప్ప ఏమీ కనపడవు. మా పిన్ని ఇరవై ఏళ్ళ పైనుంచి ఆ వరసలో ఉంది.

చిక్కు కూడా ఆ గుడ్డ దగ్గరే. ఇన్నేళ్ళూ నేను అమ్ముకున్నది ముఖమే. పోలిక కుదిరితే చాలు, మెడ కింద కోటు ఎట్టా ఉన్నా ఎవరూ అడగరు. ఈ బొమ్మలో ముఖం లేదు. మిగతా ఒళ్ళంతా మాట్లాడాలి.

జనవరి 21

బొమ్మ లోపలి ఇనుప అస్థిపంజరం కట్టడం అయింది. నడుము నుంచి మెడ దాకా 12 మి.మీ. చువ్వ, చేతులకీ కాళ్ళకీ 8 మి.మీ., చుట్టూ కట్టుతీగ. మట్టి జారకుండా తీగకి అక్కడక్కడా రెండు చెక్కపుల్లల్ని అడ్డంగా కట్టి వేలాడదీశా. భంగిమ గొంతుక్కూర్చున్నట్టు: రెండు మోకాళ్ళూ గడ్డం దగ్గరికి, వీపు బాగా ముందుకు వంగి.

మట్టి కుమ్మరి దగ్గర తెచ్చా, చెరువు మట్టి. మన నల్లరేగడి బొమ్మకి పనికిరాదు. తడిలో వెన్నలాగా ఉండి, ఆరితే అరచెయ్యి పట్టేంత నెర్రెలిస్తుంది. కొత్తలో తెలియక నెల రోజుల పని పోగొట్టుకున్నా.

జనవరి 27

వారంగా మట్టి ఎక్కిస్తున్నా. ఇవాళ దూరంగా వెళ్ళి చూస్తే నవ్వొచ్చింది. భుజాలు పహిల్వాను భుజాలు. ముంజేతుల్లో నరాలు. ఇది నా చెయ్యి కాదు, మెరీనా బీచి చెయ్యి.

చెన్నై మెరీనాలో దేవీప్రసాద్ రాయ్‌చౌధురి చేసిన శ్రమ విజయం ఉంది కదా, 1959లో పెట్టారు. నలుగురు కూలీలు ఒక బండని పెకలిస్తుంటారు. ఆయన చాలా ఏళ్ళు మద్రాసు ఆర్ట్ స్కూలు ప్రిన్సిపాలు. శ్రమ అంటే కండ, కండ అంటే వీరత్వం అనే పాఠం నాకు అక్కడే ఎక్కింది. మొదటిసారి చూసినప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు. గంటన్నర చుట్టూ తిరిగా, సముద్రం వైపు చూడనే లేదు. ఆ నలుగురి నడుముల దగ్గర బరువు ఒకరి నుంచి ఇంకొకరికి ఎట్టా అందుతుందో గమనించండి, ఇప్పటికీ దాని ముందు నేను విద్యార్థినే. కానీ బండని పెకలించడం ఒక్క ఊపు పని. తొడిమ తీయడంలో ఊపు ఎక్కడుంది? అదే పని రోజుకి కొన్ని వేలసార్లు. అక్కడ కండ ఏం చేస్తుంది?

భుజాల మీద నుంచి మూడు కిలోల మట్టి తీసేశా.

ఫిబ్రవరి 2

భుజాలు పోయాక బొమ్మ వేరే దారి పట్టింది. వీపు ఇంకా వంచా, తల దించా, చేతులు ఒడిలోకి లాగా. మొత్తం ఒక ముద్ద, ఎటు నుంచి చూసినా కోడిగుడ్డు లాంటి గీత. మనసు బరువెక్కేలా ఉంది. రాత్రి తొమ్మిదికి తడి గోనె కప్పుతూ, ఇది కుదిరింది అనుకున్నా.

ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసు. జర్మన్ శిల్పి కాథె కోల్విట్జ్. చిన్న కొడుకు పీటర్ 1914 అక్టోబరులో యుద్ధంలో పోయాడు. ఆ ఏడాదే స్మారకం మొదలుపెట్టింది, పూర్తయి బెల్జియంలో సైనికుల శ్మశానంలో నిలబడేసరికి 1932 అయింది. మోకాళ్ళ మీద తండ్రి, మోకాళ్ళ మీద తల్లి, రెండూ విడివిడి రాళ్ళు. ఇద్దరి చేతులూ తమ ఒంటినే చుట్టుకుని ఉంటాయి, ఒకరినొకరు తాకరు. నేను చూసింది ఫొటోలే, అయినా వాటిని చూసిన రోజు అన్నం సహించలేదు.

ఫిబ్రవరి 5

పిన్ని వచ్చింది. మిర్చి యార్డుకి సెలవు. గోనె తీసి చూపించా. కొంగు నడుముకి దోపుకుని ఒక చుట్టు తిరిగింది.

"ఎవరు పోయార్రా?"

"ఎవరూ పోలేదు పిన్నీ. తొడిమలు తీస్తోంది."

"ఇట్టానా?" అని ఇంకో చుట్టు తిరిగింది. "మేమేమన్నా శవం దగ్గర కూచున్నామంట్రా? ఎనిమిది గంటలు గొంతుక్కూచుంటే మోకాళ్ళు ఉంటాయా?"

నా దగ్గర మాట లేదు. ఆమె షెడ్డంతా చూసి సిమెంటు గోతం ఒకటి దులిపి నాలుగు మడతలు వేసి కింద పరిచింది. కూర్చుంది. ఎడమ కాలు మడిచి, కుడి కాలు బారుగా చాపి. చాపిన కాలు మీదకే గుట్ట వస్తుందట, కాయలు ఒళ్ళోకి లాక్కోవడానికి వీలు. గంటకోసారి కాళ్ళు మారుస్తారు. వీపు ముందుకు వంగదు, ఎడమ తుంటి మీదకి ఒరుగుతుంది. వరసలో అందరూ ఒకే వైపు ఒరిగితే పక్కదాని మోచెయ్యి తగలదు.

వంటింట్లోంచి ఎండు మిరపకాయలు పళ్ళెంలో తెచ్చి ముందు పెట్టా. గుడ్డ కట్టుకోమన్నా. కట్టుకుంది. చేతులు మొదలుపెట్టాయి. తల మాత్రం ఎటో తిరిగి ఉంది.

"కాయ చూడవేంది పిన్నీ?"

"కాయ చూసేదేముంది? వేళ్ళకి తెలవదా? కళ్ళు పక్కదాని మీదే ఉంటయ్. కబుర్లు చెప్పుకోకపోతే పొద్దు పోద్దంట్రా?"

నలభై నిమిషాలు కూర్చుంది. నేను పాత క్యాలెండర్ల వెనక పద్నాలుగు బొమ్మలు గీశా. ఆమె మాట్లాడుతూనే ఉంది: కోడలు, గ్యాసు బండ, వరసలో ఎవరు ఎవరితో మాట్లాడ్డం మానేశారో, కిలో లెక్కలో ఎవరు ముందున్నారో. మూతి కనపడదు కాబట్టి నవ్వు భుజాల్లోకి వస్తుంది. ఎడమ భుజం రెండుసార్లు ఎగురుతుంది, అంతే. ఆశ్చర్యం మెడలో. ఒప్పుకోకపోవడం గడ్డంలో, గుడ్డ లోపల గడ్డం పక్కకి జరిగి ఒక మడత పడుతుంది. చేతులు వీటిలో దేనికీ ఆగవు.

ఆమె వెళ్ళాక గోనె కప్పలేదు. కోల్విట్జ్ కొడుకు యుద్ధంలో పోయాడు. మా పిన్ని కొడుకు తెనాలి రూట్లో ఆటో నడుపుతున్నాడు. ఆ తల్లి దుఃఖం తెచ్చి ఈమె వీపు మీద పెట్టడానికి నేనెవర్ని? పేదవాళ్ళని చెయ్యాలంటే తల దించెయ్యడం మాలాంటి వాళ్ళకి ఒక అలవాటు. నాయకుడికి వేలు ఎట్టాగో కూలీకి వంగిన వీపు అట్టాగ. ఎవరూ నవ్వు పెంచమనలేదు, నేనే ఏడుపు పెంచుకున్నా.

ఫిబ్రవరి 6

కోసేశా. మెడ, రెండు కాళ్ళు, వీపు. అస్థిపంజరం తొంభై శాతం కొత్తది. మట్టి తొట్టిలోకి పోయింది, అదే మట్టి మళ్ళీ వస్తుంది కాబట్టి నష్టం కూలీయే, అదీ నాదే.

కొత్త లెక్క: తుంటి ఎదురుగా. భుజాలు ఎడమకి ఓ పదిహేను డిగ్రీలు. తల నలభై. చేతులు మళ్ళీ తుంటి దిక్కుకే. కూర్చున్న త్రిభంగం అనుకోండి, పాత శిల్పాల్లో ఒళ్ళు మూడు చోట్ల వంగే భంగిమ.

ఫిబ్రవరి 11

పాత బౌద్ధ స్తూపం ఉన్న అమరావతి వెళ్ళొచ్చా. పొద్దున బస్సెక్కితే తొమ్మిదిన్నరకల్లా మ్యూజియం.

అక్కడ మిగిలింది తక్కువని అందరికీ తెలిసిందే. 1797లో కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ వచ్చి చూసేనాటికే స్తూపం దిబ్బని తవ్వి రాళ్ళు ఇళ్ళకీ గుళ్ళకీ వాడేస్తున్నారు. 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించినవి మద్రాసు చేరాయి, వాటిలో పెద్ద భాగం అక్కణ్ణుంచి లండన్ వెళ్ళింది. మంచి రాళ్ళు కావాలంటే ఇప్పటికీ చెన్నైలో ఎగ్మోరు మ్యూజియానికి పోవాల్సిందే. నేను రెండుసార్లు పోయా. అయినా ఈసారి నాకు కావలసింది గొప్ప రాయి కాదు, మూలల్లో ఉండే మనుషులు.

ఇన్నాళ్ళూ అమరావతి అంటే నాకు ఖాళీ ఆసనం. తొలి శిల్పులు బుద్ధుణ్ణి మనిషిగా చెక్కలేదు. ఆసనం, కింద పాదాల గుర్తులు, వాటి ముందు వంగిన స్త్రీలు. ఉన్నవాడి గొప్పతనం చుట్టూ ఉన్నవాళ్ళ నడుముల్లో తెలుస్తుంది. ముఖం లేని నా బొమ్మకి ఇదే దారి అనుకుని బయల్దేరా. అక్కడ నిలబడితే ఆ లెక్క తప్పని తేలింది. ఆసనం మీద మనిషి లేడు. మా పిన్ని ముఖం లేకపోలేదు, గుడ్డ వెనక ఉంది, పైగా మాట్లాడుతోంది. లేనిదాన్ని చూపడం వేరు, దాగినదాన్ని చూపడం వేరు.

పనికొచ్చింది ఇంకోటి. పలకల అంచుల్లో, కథతో పెద్దగా సంబంధం లేని వాళ్ళు. ఒకరు పక్కవాళ్ళ మీదకి ఒరిగి ఏదో చెబుతుంటారు, ఇంకొకరి వీపే మనకి కనిపిస్తుంది. ఎగ్మోరులో నలగిరి ఏనుగు పలక గుర్తుకొచ్చింది, బుద్ధుడి మీదకి వదిలిన మదపుటేనుగు కథ. ఒకే వలయంలో ఏనుగు రెండుసార్లు, ఒకపక్క వీధిలో జనాన్ని తొక్కుతూ, ఇంకోపక్క బుద్ధుడి ముందు మోకరిల్లి. ఆ తొక్కిసలాటలో జనం ముఖాలు దాదాపు అన్నీ ఒకటే. భయం అంతా మెడల్లో, పక్కవాళ్ళని పట్టుకున్న చేతుల్లో ఉంటుంది. దాదాపు 1800 ఏళ్ళ కిందట పల్నాటి సున్నపురాయి మీద, వేలెడు లోతు కూడా లేని చోట, అంత గొడవ పట్టించారు. నాకు 33 అంగుళాల ఎత్తూ నాలుగు వైపులా ఉన్నాయి, ఇంకా ఏం కావాలని అడుగుతున్నా?

తిరుగు బస్సులో ఇద్దరు ఆడవాళ్ళ మెడలు చూస్తూ దిగాల్సిన స్టాపు దాటిపోయా.

ఫిబ్రవరి 16

గుడ్డతో కుస్తీ. ఫ్రెంచి శిల్పి రోదాఁ, రచయిత బాల్జాక్ బొమ్మ చేసేటప్పుడు నిజం అంగీనే ప్లాస్టరులో ముంచి వేసి చూశాడు. 1891లో ఒప్పుకున్న పని అది. 1898లో ప్రదర్శిస్తే చేయించుకున్న రచయితల సంఘమే వద్దంది, పారిస్ వీధిలో కంచుగా నిలబడింది 1939లో, ఆయన పోయిన 22 ఏళ్ళకి. కమిటీలతో పడే బాధ నాకొక్కడికే కాదని ఈ కథ తల్చుకుంటూ ఉంటా.

సరే, నేనూ ముంచా. పిన్ని పాత నూలు చీర ముక్క, పీఓపీలో (ప్లాస్టర్ ఆఫ్ పారిస్) తడిపి మట్టి తల మీద చుట్టా. పావుగంటలో గట్టిపడింది. చూస్తే కొక్కేనికి తగిలించిన తువ్వాలు. బాల్జాక్ అంగీ పై నుంచి కిందకి వేలాడేది, దానికి బరువే అందం. మూతికి కట్టిన గుడ్డ వేలాడదు, బిగుతుగా ఉంటుంది. దాన్ని లోపలి నుంచి ముక్కు తోస్తుంది, ఊపిరి లాగుతుంది. ఊపిరి లాగినప్పుడు మూతి దగ్గర చిన్న గుంట పడుతుంది, రూపాయి బిళ్ళంత. అక్కడ గుడ్డ తడిసి రంగు మారి ఉంటుంది.

ప్లాస్టరు పగలగొట్టి, ముందు ముఖం మొత్తం చేశా. పెదాలు, పళ్ళ వరసతో సహా, మాట మధ్యలో తెరుచుకున్న నోరు. తర్వాత దాని మీద పల్చగా మట్టి రొట్టె పరిచి బొటనవేలితో లోపలికి నొక్కా. ఎవరికీ కనపడని నోటి మీద రెండు రోజులు పెట్టినందుకు పక్క షెడ్డు అన్న నవ్వాడు. కానీ ఆ గుంట కింద నోరు ఉందని ఇప్పుడు తెలుస్తోంది, అది లేనప్పుడు తెలియలేదు.

మడతలకి మళ్ళీ అమరావతే. అక్కడ తర్వాతి కాలంలో చెక్కిన బుద్ధుడి చీవరం, అంటే భిక్షువు వస్త్రం, మీద మడతలు ఉబ్బెత్తుగా ఉండవు, ఒళ్ళు ఒళ్ళుగానే ఉండి పైన గీతలు పారతాయి. చెవి వెనక ముడి దగ్గర నుంచి అట్టాంటి గీతలు ఐదు లాగా. ఆరోది లాగి చెరిపేశా.

ఫిబ్రవరి 24

చేతులు. కుడి బొటనవేలి గోరు అంచు అరిగి ఉంటుంది, చర్మం మందం. చూపుడు వేలికి పేలిక. తొడిమ లాగడం కాదు, పక్కకి మెలిపెట్టడం. రాత్రిళ్ళు మంట నీళ్ళతో పోదు, ఆ కారం నీళ్ళలో కరగదు, నూనెలోనే కరుగుతుంది. అందుకే పిన్ని చేతులకి ఎప్పుడూ కొబ్బరినూనె వాసన.

మార్చి 3

అచ్చు తీశా. మట్టి మీద రేకు ముక్కలు గుచ్చి ముందు, వెనక రెండు భాగాలుగా విడగొట్టా. పీఓపీ మొదటి పూతలో నీలిమందు కలిపా. తర్వాత ఉలితో అచ్చు పగలగొట్టేటప్పుడు నీలం కనపడితే బొమ్మ దగ్గరికి వచ్చామని గుర్తు, దెబ్బ తగ్గించాలి. రెండో పూత కొబ్బరిపీచుతో, అంగుళం మందం. మట్టి లోపలి నుంచి తవ్వి తీసేటప్పుడు ఆ పళ్ళ వరస కూడా పోయింది. ఇక నేనొక్కడినే సాక్షి.

మార్చి 9

ఫైబరు వద్దనుకున్నా. కంచుకి డబ్బు లేదు. సిమెంటు, ఎర్ర గ్రావెలు.

ధైర్యం ఇచ్చింది బెంగాలీ శిల్పి రామ్‌కింకర్ బైజ్. ఆయన సంతాల్ కుటుంబం శాంతినికేతన్‌లో ఉంది, 1938 నాటిది. సిమెంటులో అక్కడి ఎర్ర మొరం కలిపి చేశాడు. భార్యా భర్తా, కావడి బుట్టలో బిడ్డ, వెంట కుక్క, సామాను సర్దుకుని నడుస్తుంటారు. ఒకసారి రైల్లో పోయి చూశా. దగ్గరికెళ్తే ఒట్టి గరుకు, చెయ్యి పెడితే గీసుకుంటుంది. పదడుగులు వెనక్కి వస్తే నడక మొదలవుతుంది. వాళ్ళు పేదవాళ్ళే, తల మాత్రం ఎవరూ దించలేదు. కోల్విట్జ్ పుస్తకం బదులు ఆ ఫొటో ముందు పెట్టుకుని ఉంటే నెల కలిసొచ్చేది.

గ్రావెలు జల్లెడ పట్టి ఒక వంతు సిమెంటుకి రెండు వంతులు. అచ్చుకి ముందు సబ్బు నీళ్ళు పట్టించి, బాగా తడిపా, లేకపోతే పీఓపీ సిమెంటులో నీళ్ళు లాగేసి పెళుసు చేస్తుంది. లోపల కోడిమెష్ (కోళ్ళ గూటికి వాడే తీగ వల), 6 మి.మీ. చువ్వ. గుల్లగా, ఒకటిన్నర అంగుళం మందం. రెండు భాగాలూ కలిపి కట్టి తడి గోతాలు కప్పా. పది రోజులు రోజుకి మూడుసార్లు నీళ్ళు.

మార్చి 20

ఉలి, చిన్న సుత్తి. పొద్దున ఏడు నుంచి. తెలుపు, తెలుపు, నీలం, ఆగు. వీపు బాగా వచ్చింది. చాపిన కాలు బాగా వచ్చింది. కుడి చేతి దగ్గర తొందరపడ్డా. కరెంటు పోయి ఫ్యాను ఆగింది, చెమట కళ్ళలోకి, ఒక దెబ్బ ఎక్కువైంది. చిటికెన వేలు సగానికి రాలింది.

అతికించొచ్చు. ఎపాక్సీ ఉంది, వేలి ముక్కా ఉంది. అరచేతిలో పెట్టుకుని కాసేపు కూర్చున్నా. విరిగిన చోటు కూడా కళే అనే మాట నాకు నచ్చదు. అమరావతి రాళ్ళు విరిగాయి కాబట్టి అందంగా లేవు, విరిగినా అందంగా ఉన్నాయి. ఆమెకి పది వేళ్ళూ ఉన్నాయి, పదీ పని చేస్తాయి. అతికించా. అతుకు దగ్గర రంగు కొంచెం ముదురుగా ఉంది.

ముఖం గుడ్డ మీద తీగ బ్రష్ వెయ్యలేదు, నున్నగానే వదిలేశా. మిగతా ఒళ్ళంతా బ్రష్‌తో గీకితే గ్రావెలు ఎర్రగా తేలింది. తల ఒక్కటే బూడిద రంగు.

మార్చి 27

పిన్ని మళ్ళీ వచ్చింది. ఈసారి వరసలోని ఇద్దరిని వెంటబెట్టుకుని. గోతం తీశా.

ముగ్గురూ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత వాళ్ళలో ఒకావిడ చాపిన కాలి దగ్గర కూర్చుని, "గోతం ఇంకొంచెం మందంగా వెయ్యాల్సింది" అంది. పిన్ని వేలి అతుకు వెంటనే పట్టేసింది. "కోసుకుందా?" అంది. నేనే కోశానని చెప్పా.

రెండో ఆవిడ బొమ్మ ఎడమ పక్కకి వెళ్ళి, తల తిరిగిన దిక్కున, రెండడుగుల దూరంలో నిలబడింది. అటు చూసింది, ఇటు చూసింది.

"మరి ఇక్కడ మనిషేదయ్యా? ఈమె ఎవరితో మాట్లాడతంది?"

పిన్ని నా వైపు చూసింది. తొట్టిలో మట్టి అట్టాగే ఉంది, పైపొర ఆరింది. 12 మి.మీ. చువ్వ ఇంకో నాలుగడుగులు కావాలి. వాళ్ళు టీ తాగుతుండగా తొట్టిలో రెండు బకెట్ల నీళ్ళు పోశా.